శనివారం కాదు సామీ

తిరుపతి పెద్దాసుపత్రి, పదకొండో నంబరు గది.
ఇక్కడ నేను చేతులకు కరెంటు పెడతాను.
పంతొమ్మిదేళ్ళుగా అదే పని:
ఇక్కడ తాకించిన కబురు అక్కడికి
ఎంతసేపట్లో చేరిందో
తెరమీది గీత చూసి రాసుకోవడం.

దామలచెరువు దాపు నుంచి చెంగల్రాయులు వచ్చాడు.
కుడి మణికట్టు వేలాడుతోంది,
అంగడి మూశాక కొక్కేనికి మిగిలిపోయిన సంచిలా.
లేపమంటే భుజం లేస్తుంది, మోచేయి లేస్తుంది,
అరచేయి మాత్రం నేలనే చూస్తుంది.
"దండం పెట్టేదానికి గూడా రాలా సామీ,
ఎడం చేత్తో దీన్ని ఎత్తి నిలబెట్టాల."

చిన్న డాక్టరు చీటీ మీద పేరు రాసి పంపాడు.
శనివారం రాత్రి పక్షవాతమట.
ఎక్కడో చలిదేశంలో, జీతాలిచ్చిన రాత్రి
పూటుగా తాగి, కుర్చీ వీపు మీదుగా చేయి జారేసి
ఒళ్ళెరక్క తెల్లారేదాకా పడుకున్నవాళ్ళు
పుస్తకాలకు ఇచ్చిపోయిన పేరు.
తాగినావా అని అడగాలి. దానికొక గడి ఉంది.
అడిగాను.

"శనివారమా?
శనివారం నేను ఒంటిపొద్దు సామీ.
మా నాయన కాలం నుంచీ నీసు గూడా ముట్టం.
ఆ పొద్దు మంగళారం."

మంగళవారం. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
తోతాపురి ట్రాక్టర్ల వరసలో మూడో రాత్రి.
టోకెను రెండొందల నలభై.
కాయ మెత్తబడే కొద్దీ ధర దిగుతుంది,
బండి దిగిపోతే వరస పోతుంది.
ట్రాలీ ఇనుప అంచు మీదుగా చేయి బయటికేసి
కాయల మీద తల పెట్టాడు.
కునుకనుకున్నది కోడి కూసేదాకా పోయింది.

పైచేతి ఎముక వెనక ఒక మెలిక దారి ఉంది.
ఆ నరం అక్కడ ఎముకనే ఆనుకుని
కొండ పక్కన కాలిబాటలా చుట్టు తిరిగి దిగుతుంది.
పైన కండ దుప్పటి పలచన.
బయట ఇనుము, లోపల ఎముక,
నడుమ ఆయన మూడు రాత్రుల నిద్ర.

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు.
నరం అబద్ధమాడదు నిజమే,
కానీ వారమేదో అది కూడా చెప్పదు.

చంక దగ్గర తాకించాను.
గీత చదునుగా పోయింది, ఎండాకాలం స్వర్ణముఖిలా.
కిందికి దిగి, మోచేతి దగ్గర తాకించాను.

లేచింది.
పదకొండు రోజులుగా నేలచూపు చూస్తున్న చేయి
చటుక్కున తలెత్తి, మళ్ళీ వాలింది.
"నేను లేపలా!" అన్నాడు. "నేను లేపలా సామీ!
ఇంగోసారి!"
అవసరం లేదు. నాకు కావలసిన గీత వచ్చేసింది.
ఇంకోసారి పెట్టాను.

తీగ తెగలేదు, పైపూత నలిగిందంతే.
ఆరు వారాలో ఎనిమిదో, అందాకా మణికట్టుకు పలక కట్టుకో
అని చెప్తున్నాను. ఆయన వినడం లేదు.
చేతిని చూస్తున్నాడు,
తప్పిపోయి దొరికిన దూడను చూసినట్టు.

బయట బెంచీ మీద కల్యాణకట్ట దేశమ్మ.
పూటకు అరవై తలలు గీసిన మణికట్టు;
రాత్రి రెండింటికి జోముపట్టి లేచి
చేయి విదిలించుకుంటూ కూర్చుంటుందట.
ఆమె పక్కన ఒక నెలబిడ్డ. కాన్పులో భుజం ఇరుక్కుంది.
చేయి ఒంటికి అతుక్కుని, అరచేయి వెనక్కి తిరిగి,
ఎవరూ చూడకుండా మామూలు పుచ్చుకునే గుమాస్తాలా.
దానికీ పుస్తకంలో పేరు
చిల్లర కోసం బల్ల పక్కన నిలబడే హోటలు మనిషిదే.
కన్ను తెరవని బిడ్డకు!

తాగుడు గడిలో లేదు అని కొట్టాను.
కారణం గడిలో మామిడికాయల వరస అంటే
కంప్యూటరు తీసుకోలేదు.
జాబితాలో ఉన్నవే ఎంచుకోవాలట.
"ఇతరములు" నొక్కాను.

తలుపు దాకా పోయినవాణ్ణి ఆపి అడిగాను,
మరి ఆ లోడు ఏమైంది?

"ఎడం చేత్తో దించినా సామీ.
సగం వెనక్కిచ్చినారు."